డర్బన్‌ను నాలుగైదు రోజుల్లో ఎలా చూడాలి

దక్షిణాఫ్రికా టూర్ అనగానే మనవాళ్ల ప్లాన్‌లో కేప్‌టౌన్, జొహానెస్‌బర్గ్, క్రూగర్ పార్కు ఉంటాయి. డర్బన్‌కు ఉంటే గింటే ఒక రాత్రి మజిలీ, బీచ్‌లో నాలుగు ఫొటోలు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఆ దేశంలో తెలుగువాళ్లు నిదానంగా తిరిగి చూడాల్సిన ఊరు ఒక్కటే అంటే అది డర్బనే. మద్రాసులో కూలీలను ఎక్కించుకున్న ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న వచ్చి ఆగింది ఈ రేవులోనే. 1911 దాకా లక్షన్నర మందికి పైగా గిర్మిటియా కూలీలు, అంటే కాంట్రాక్టు రాసిచ్చి వచ్చిన కూలీలు, ఇక్కడ దిగారు. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది మద్రాసు నుంచి వచ్చినవాళ్లే, అందులో తెలుగు జిల్లాలవాళ్లూ ఉన్నారు. ఇవాళ డర్బన్‌లో దుకాణాల బోర్డుల మీద నాయుడు, రెడ్డి పేర్లు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అలాగని ఇది భారతీయుల ఊరు మాత్రమే అనుకోకండి. ఇది మొదట జులూలనే ఆఫ్రికన్ జాతివాళ్ల నేల. ఆ తర్వాత తెల్లవాళ్ల రేవు, ఆ పైన మన కూలీలు. ముగ్గురి జీవితాలూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ బలవంతంగా విడగొట్టారో తెలియాలంటే చూసే క్రమం ముఖ్యం. నేను చెప్పే వరస ఇది: ముందు సముద్రం, తర్వాత బజార్లు, ఆ తర్వాత ఇనాండా, చివరికి గుళ్లు. ఇంకొక రోజు దొరికితే పీటర్‌మారిట్జ్‌బర్గ్.

బయల్దేరే ముందు

భారత పాస్‌పోర్టుకు వీసా తప్పనిసరి. పాస్‌పోర్టులో కనీసం రెండు ఖాళీ పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి. పిల్లలను తీసుకెళ్తుంటే వాళ్ల జనన ధ్రువీకరణ పత్రం దరఖాస్తు నాటికే సిద్ధంగా ఉంచుకోండి, ఆఖరి నిమిషంలో టెన్షన్ పడకుండా ఉంటుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లి, అక్కడి నుంచి నేరుగా డర్బన్ విమానం ఎక్కవచ్చు. జొహానెస్‌బర్గ్ మీదుగానూ వెళ్లవచ్చు. టైము మనకంటే మూడున్నర గంటలు వెనక.

జూన్ నుంచి ఆగస్టు వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. అక్కడ అది చలికాలమే అయినా పగలు ఎండ కాస్తుంది, వాన తక్కువ. డిసెంబరు, జనవరిలో మన కోస్తా ఎండాకాలంలా ఉక్కపోత, పైగా స్థానికుల సెలవుల రద్దీ. గుళ్ల ఉత్సవాలు చూడాలంటే మాత్రం ఈస్టర్ రోజులకు ప్లాన్ చేసుకోండి, కారణం కింద చెబుతాను.

మన ఇళ్లలో ఏసీకి, గీజర్‌కి వాడే లావు మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ మామూలు ప్లగ్గు. ఫోన్ చార్జర్ల కోసం అలాంటి పిన్నులున్న అడాప్టర్ ఒకటి ఇక్కడే కొనుక్కోండి.

కింగ్ షాకా ఎయిర్‌పోర్టు ఊరికి ఉత్తరాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. బసకు ఉమ్‌హ్లాంగా, మార్నింగ్‌సైడ్, మస్‌గ్రేవ్ ప్రాంతాలు చూసుకోండి. నగరం నడిబొడ్డున చవకగా హోటల్ దొరికిందని అక్కడ దిగితే రాత్రి బయటికి రాలేరు.

జాగ్రత్తల సంగతి దాచకుండా చెప్పాలి. చీకటి పడ్డాక నడవకండి, ఊబర్ లేదా బోల్ట్ పిలుచుకోండి. పాస్‌పోర్టు హోటల్ లాకర్‌లో పెట్టి, దాని జిరాక్స్ కాపీ జేబులో ఉంచుకోండి. మెడలో బంగారం వద్దు. రోడ్డు పక్కన ఫోన్ చేతిలో పట్టుకుని దారి వెతకొద్దు, చూసుకోవాలంటే ఏదైనా దుకాణంలోకి వెళ్లండి. ఏటీఎం దగ్గర ఎవరైనా సాయం చేస్తామంటే కార్డు తీసుకుని వచ్చేయండి. కారు పార్క్ చేసినచోట చొక్కా మీద మెరిసే జాకెట్ వేసుకుని కాపలా ఉండేవాళ్లు కనిపిస్తారు, వెళ్లేటప్పుడు వాళ్లకు కొన్ని రాండ్లు (అక్కడి డబ్బు) ఇవ్వడం మర్యాద. ఈ మాత్రం పాటిస్తే భయపడుతూ తిరగాల్సిన పని లేదు.

ఇంకొకటి. ఊళ్లో వీధుల పేర్లు చాలావరకు మారాయి, కానీ జనం నోట పాత పేర్లే నడుస్తాయి. గ్రే స్ట్రీట్ ఇప్పుడు డాక్టర్ యూసుఫ్ దాదూ స్ట్రీట్, వెస్ట్ స్ట్రీట్ డాక్టర్ పిక్స్‌లీ కాసేమే స్ట్రీట్, విక్టోరియా స్ట్రీట్ బెర్తా మ్ఖిజే స్ట్రీట్, పాయింట్ రోడ్డు మహాత్మా గాంధీ రోడ్డు. రెండు పేర్లూ రాసి పెట్టుకోండి.

మొదటి రోజు: సముద్రం, తోట

టైము తేడా వల్ల మొదటి రోజు ఎలాగూ తెల్లవారకముందే మెలకువ వస్తుంది. దాన్ని వాడుకోండి. డర్బన్ తూర్పు తీరం, సూర్యోదయం సముద్రం మీదే. గోల్డెన్ మైల్ అనే తీరపు బాట వెంట నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, సర్ఫింగ్ బోర్డు చంకన పెట్టుకుని నీళ్లలోకి పోయేవాళ్లు పొద్దున్నే కనిపిస్తారు. నీళ్లలోకి దిగాలనుకుంటే లైఫ్‌గార్డులు జెండాలు పాతిన హద్దుల మధ్యే దిగండి. సొరచేపల నుంచి రక్షణకు వలలు కట్టిన తీరమే అయినా అలల లాగుడు గట్టిది. ఆ రోజు ఏ బీచ్ తెరిచి ఉందో హోటల్లో అడిగి వెళ్లండి.

బీచ్ దగ్గర ఎద్దు కొమ్ములతో, పూసలతో పెద్ద కిరీటాలు పెట్టుకున్న జులూ రిక్షావాళ్లు కనిపిస్తారు. డర్బన్‌లో చేతిరిక్షాలు 1890లలో మొదలయ్యాయి, ఒకప్పుడు ఊరంతా వందల్లో తిరిగేవి. ఇప్పుడు పర్యాటకుల కోసమే మిగిలాయి. ఎక్కినా, ఊరికే ఫొటో తీసుకున్నా డబ్బు ఇవ్వాలి, ఎంతో ముందే మాట్లాడుకోండి. ఆ కిరీటం తయారీ గురించి అడిగితే ఇష్టంగా చెబుతారు.

తీరం వెంబడి ఉత్తరానికి నడిస్తే మోసెస్ మాభిదా స్టేడియం ఆర్చ్ కనిపిస్తుంది. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం కట్టారు, ఆర్చ్ ఎత్తు 106 మీటర్లు. ఆర్చ్ మీదికి వెళ్లే స్కైకార్ నడుస్తోందో లేదో ముందు కనుక్కోండి. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు ఆ దారిలోనే కింగ్స్‌మీడ్ మైదానం బయట ఒకసారి ఆగుతారు. 2007 సెప్టెంబరు 19న స్టువర్ట్ బ్రాడ్ ఓవర్లో యువరాజ్ ఆరు సిక్సులు కొట్టింది అక్కడే. పిల్లలతో వెళ్లినవాళ్లకు దక్షిణం కొసన ఉషాకా మెరైన్ వరల్డ్ ఉంది, దానికి పూట పడుతుంది.

మధ్యాహ్నం బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్లండి. 1849లో మొదలైన తోట, ఆఫ్రికాలో నేటికీ నిలిచి ఉన్న బొటానిక్ గార్డెన్లలో అతి పాతది. ప్రవేశం ఉచితం. లోపల అడిగి మరీ చూడాల్సింది ఒక్క మొక్క: ఎన్‌సెఫలార్టోస్ వుడీ. చూడటానికి పొట్టి తాటిచెట్టులా ఉంటుంది, మోడు గరుకుగా, ఆకులు ముదురాకుపచ్చగా మెరుస్తూ వంపు తిరిగి ఉంటాయి. దాని సంగతి వింటే అక్కడి నుంచి కదలబుద్ధి కాదు. 1895లో జాన్ మెడ్లీ వుడ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఓన్గోయే అడవిలో దీన్ని చూశాడు. అది మగ చెట్టు. ఆడ చెట్టు ఇంతవరకు ఎక్కడా దొరకలేదు, అడవిలో ఆ జాతే లేదు. ప్రపంచంలో ఏ తోటలో ఈ మొక్క కనిపించినా ఆ ఒక్క చెట్టు పిలకల నుంచి వచ్చిందే. దాని మూల మోళ్లు ఈ తోటలోనే ఉన్నాయి.

రెండో రోజు: ఊరి నడిబొడ్డు

ఇది డర్బన్‌లో అతి ముఖ్యమైన రోజు. శని, ఆదివారాలు కాకుండా పనిదినం ఎంచుకోండి. పొద్దున్నే బయల్దేరండి.

వార్విక్ జంక్షన్‌తో మొదలుపెట్టండి. రైల్వే స్టేషన్, బస్సులు, మినీబస్ టాక్సీల అడ్డాల మధ్య పక్కపక్కనే తొమ్మిది మార్కెట్లు. రోజూ నాలుగు లక్షలకు పైగా జనం దాటిపోయే చోటని అంచనా. ఒంటరిగా వెళ్లకండి. ఇక్కడి వ్యాపారులతో కలిసి పనిచేసే స్వచ్ఛంద సంస్థ వాళ్లు నడిపే గైడెడ్ టూర్లు ఉన్నాయి, ముందుగా బుక్ చేసుకోండి. గైడు వ్యాపారులకు తెలిసినవాడైతే మీరు ఊరికే చూసిపోయేవాళ్లు కాక అతిథులవుతారు.

ఎర్లీ మార్నింగ్ మార్కెట్‌లో కూరగాయలు అమ్మే భారతీయ కుటుంబాలు తరాలుగా అదే బల్ల మీద ఉన్నాయి. కొత్తిమీర కట్టలు, పచ్చిమిర్చి, కుప్పలుగా పోసిన చామదుంపలు. ఆ దుంపను జులూలు, భారతీయులు ఇద్దరూ ఇష్టంగా వండుకుంటారు. 2009లో ఈ మార్కెట్‌ను పడగొట్టి మాల్ కట్టాలని నగరపాలక సంస్థ చూసింది. నల్లవాళ్లు, భారతీయులు కలిసి పోరాడి ఆపించారు.

అక్కడి నుంచి మూలికల మార్కెట్‌కు మెట్లెక్కండి. కట్టడం సగంలో ఆగిపోయిన ఫ్లైఓవర్ మీద ఉందది. వాహనాల కోసం కట్టిన సిమెంటు దారి మీద వేళ్లు, బెరళ్లు, దుంపలు, జంతువుల చర్మాలు పరిచి ఉంటాయి. ఒకచోట బెరడును కత్తితో సన్నగా చెక్కుతుంటారు, ఇంకోచోట రోకలితో దంచుతుంటారు. ఇంఫెఫో అనే ఎండిన మొక్క కట్టలు చూడండి. పూర్వీకులను పిలవడానికి దాన్ని కాల్చి పొగ వేస్తారు. మన ఇళ్లలో సాంబ్రాణికి ఉన్న చోటే వాళ్ల ఇళ్లలో దానిది. ఇక్కడ అడగకుండా ఫొటో తీయడం తప్పు. ‘సావుబోనా’ అని పలకరించండి, ఎక్కువమంది ఉంటే ‘సనిబోనాని’. వచ్చేటప్పుడు ‘న్గియాబోంగా’ అంటే ధన్యవాదాలు. ఈ మూడు మాటలతో ముఖాలు ఎలా విప్పారతాయో మీరే చూస్తారు. ఇంకొక భాగంలో ఎద్దు తలలు ఉడికించి అమ్ముతారు, జులూ మగవాళ్లకు అది గౌరవమైన భోజనం. చూడలేమనుకునేవాళ్లు గైడుకు ముందే చెబితే పక్క దారిలో తీసుకెళ్తాడు.

దగ్గర్లోనే బ్రూక్ స్ట్రీట్ శ్మశానంలో బాద్షా పీర్ దర్గా ఉంది. ట్రూరో ఓడలోనే కూలీగా వచ్చిన ఫకీరు ఆయన అని చెప్పుకుంటారు. హిందువులూ వెళ్లి మొక్కుకుంటారు.

తర్వాత విక్టోరియా స్ట్రీట్ మార్కెట్. పాత ఇండియన్ మార్కెట్ 1973లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, ఇప్పుడున్నది తర్వాత కట్టిన భవనం. గోపురాల్లా పోసిన మసాలా పొడులు, వాటి మీద చీటీలు. అత్తగారి అంతు చూసే మసాలా అని పేరున్న కారంపొడి ఒకటి అందరూ ఫొటో తీసుకుంటారు. బేరం ఆడవచ్చు. పూసల నగలు ఇక్కడకన్నా వార్విక్‌లో, చేసినవాళ్ల దగ్గరే కొనండి, డబ్బు నేరుగా వాళ్లకు చేరుతుంది.

అక్కడి నుంచి గ్రే స్ట్రీట్ జుమా మసీదుకు నడక దూరం. బంగారు రంగు గుమ్మటాల మినార్లు. 1881లో గుజరాతీ వర్తకులు కొన్న స్థలంలో చిన్నగా మొదలై పెరిగింది, దక్షిణార్ధ గోళంలోకెల్లా పెద్ద మసీదని చాలాకాలం పేరు. నమాజు వేళలు కానప్పుడు, ఒళ్లంతా కప్పుకున్న బట్టలతో వెళ్లండి. పక్కనే ఇమ్మాన్యుయేల్ క్యాథలిక్ చర్చి. రెంటి మధ్య మద్రసా ఆర్కేడ్ అనే సన్నటి సందు, రెండు వైపులా చిల్లర దుకాణాలు. ఒకవైపు అజాన్, ఒకవైపు చర్చి గంట వినిపించే ఆ సందులో కాసేపు ఊరికే నిలబడండి.

మధ్యాహ్నం భోజనానికి బన్నీ చౌ. డర్బన్ వచ్చి ఇది తినకుండా పోకూడదు. కోయని బ్రెడ్డులో పావు వంతు తీసుకుని, మధ్యలో మెత్తటి భాగం తవ్వి, ఆ గుంతలో వేడి కూర నింపుతారు. తవ్విన ముక్కను మూతలా పైన పెడతారు. ‘క్వార్టర్ మటన్’, ‘క్వార్టర్ బీన్స్’ అని అడగాలి. శాకాహారులకు బీన్స్ బన్నీ ఉండనే ఉంది, తీసిపోయేది కాదు. స్పూను అడగొద్దు. ముందు పైన పెట్టిన ముక్కను కూరలో ముంచుకుని తినండి, తర్వాత గోడలను పైనుంచి కొద్దికొద్దిగా తుంచుతూ కిందికి రండి. తొందరపడి అడుగున తుంచితే పులుసంతా ఒళ్లోకి. పక్కన క్యారట్, ఉల్లి, మిరపకాయల తురుము ఇస్తారు. అక్కడి బిర్యానీలో పప్పు వేస్తారు. హైదరాబాద్ నాలుకతో తీర్పు చెప్పకుండా అది వేరే వంటకం అనుకుని తినండి, బాగుంటుంది.

భోజనం తర్వాత క్వాముహ్లే మ్యూజియం. నల్లవాళ్లు నగరంలో ఉండటానికి, పని చేయడానికి అనుమతి కాగితాల కోసం వరసల్లో నిలబడ్డ ఆఫీసు ఇదే, ఇప్పుడు మ్యూజియం. బీరు అమ్మే హక్కును నగరపాలకులు తమ చేతిలోనే పెట్టుకుని, ఆ లాభాలతోనే నల్లవాళ్ల మీద అదుపు యంత్రాంగాన్ని నడిపారు. ‘డర్బన్ పద్ధతి’ అని దేశంలో మిగతా ఊళ్లూ దాన్ని అనుసరించాయి. వర్ణవివక్ష అనే మాట మనం స్కూలు పుస్తకాల్లో చదివాం. అది ఒక కాగితం ముక్కగా, ఒక స్టాంపుగా ఎలా ఉండేదో ఇక్కడ అర్థమవుతుంది. ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో విడగొట్టే గ్రూప్ ఏరియాస్ చట్టం 1950లో వచ్చింది. భారతీయులను చాట్స్‌వర్త్, ఫీనిక్స్‌లకు, నల్లవాళ్లను క్వామాషు, ఉమ్లాజీలకు తరలించారు. ఇది తెలియకుండా మూడో రోజు యాత్రకు వెళ్లొద్దు.

ఓపిక మిగిలితే సిటీ హాల్. 1910లో బెల్ఫాస్ట్ సిటీ హాల్ నమూనాలో కట్టారు. లోపలి సైన్సు మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది, పిల్లలు ఇష్టపడతారు. లేకపోతే వదిలేయండి.

మూడో రోజు: ఇనాండా

ఊరికి వాయవ్యాన పాతిక కిలోమీటర్ల లోపు. స్థానిక గైడుతో కారు మాట్లాడుకుని వెళ్లండి, సొంతంగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్లే ప్రాంతం కాదు.

గాంధీ 1904లో స్థాపించిన ఫీనిక్స్ సెటిల్‌మెంట్ ఇక్కడుంది. ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక అచ్చయిన ప్రెస్ భవనం, ‘సర్వోదయ’ అనే ఆయన ఇల్లు చూడవచ్చు. ఇల్లు 1985 అల్లర్లలో కాలిపోయింది, మళ్లీ కట్టి 2000లో తెరిచారు. రేకుల ఇల్లు, చిన్న గదులు. 1913లో క్రైస్తవేతర పెళ్లిళ్లు చెల్లవన్న తీర్పుకు నిరసనగా కస్తూర్బా సహా 16 మంది జైలుకు సిద్ధపడి బయల్దేరింది ఈ ఆవరణ నుంచే. దక్షిణాఫ్రికా పోరాటంలోకి మన ఆడవాళ్లు అడుగుపెట్టిన ఘట్టమది. గైడ్లు గాంధీ గురించే ఎక్కువ చెబుతారు, కస్తూర్బా గురించి మీరు అడగండి.

అక్కడి నుంచి కొద్ది దూరంలో ఓహ్లాంగే. జాన్ దూబే స్థాపించిన పాఠశాల. ఆయన 1912లో మొదలైన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు తొలి అధ్యక్షుడు. గాంధీ, దూబే ఇరుగుపొరుగున ఉంటూ పత్రికలు నడిపారు, ఉద్యమాలు మాత్రం విడివిడిగా నడిచాయి. 1994లో తొలిసారి అందరికీ ఓటు వచ్చినప్పుడు మండేలా ఓటు వేయడానికి ఎంచుకున్న చోటు ఈ పాఠశాలే. ఓటు వేసి దూబే సమాధి దగ్గరికెళ్లి, దేశానికి స్వేచ్ఛ వచ్చిందని నివేదించాడు. ఫీనిక్స్ చూసి ఓహ్లాంగే చూడకుండా తిరిగొచ్చే మనవాళ్లు చాలామంది. అలా చేయకండి, రెండూ ఒకే పూటలో అవుతాయి.

1949 జనవరిలో, 2021 జూలైలో ఈ నగరంలో నల్లవాళ్లకూ భారతీయులకూ మధ్య నెత్తురు పారింది. ఎవరైనా ఆ మాట ఎత్తితే వినండి. భారతీయులం కాబట్టి ఒక పక్షం వహించి మాట్లాడటం అతిథి పని కాదు.

నాలుగో రోజు: గుళ్లు

ఉమ్‌గేని రోడ్డులోని వైద్యనాథ ఈశ్వరాలయ సముదాయం చూడండి, తర్వాత మౌంట్ ఎడ్జ్‌కోంబ్ వెళ్లండి. అది చెరకు ఎస్టేటు ఊరు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల కూలీకి, ఐదేళ్ల కాంట్రాక్టుకు కట్టుబడ్డవాళ్లు తమ కోసం కట్టుకున్న గుళ్లు అక్కడున్నాయి. అక్కడి గణేశాలయాన్ని 19వ శతాబ్దం చివర కిష్టప్ప రెడ్డి అనే శిల్పి కట్టాడు. నల్లరాయి లేని చోట ఇటుక, సున్నంతో విమానం లేపారు. బొమ్మల రంగులు, గూళ్లు తీరిగ్గా చూడండి.

అక్కడి మారియమ్మ గుడిలో ఈస్టర్ సమయంలో నిప్పులు తొక్కుతారు. ఎస్టేటు కూలీలకు సెలవు దొరికేది క్రైస్తవ పండగలకే, అందుకే అమ్మవారి జాతర ఆ రోజుల్లో స్థిరపడిందని చెబుతారు. సాయంత్రం చాట్స్‌వర్త్‌లో 1985లో తెరిచిన హరేకృష్ణ మందిరం, అక్కడి శాకాహార భోజనం.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్లేవాళ్లకు ఒక మాట. అది తమిళుల పురటాసి నెల. దక్షిణాది మూలాలున్న చాలా కుటుంబాలు నెలంతా మాంసం ముట్టరు, తెలుగు ఇళ్లలో గోవింద పూజలు జరుగుతాయి. ఎవరైనా పిలిస్తే తప్పక వెళ్లండి.

అక్కడి తెలుగు వాళ్లలో అయిదారు తరాలు గడిచాయి, ఇంట్లో ఇంగ్లీషే. ఆంధ్ర మహాసభ 1931 నుంచి తెలుగు నేర్పుతూ ఉంది. పెద్దవాళ్లను ఆంటీ, అంకుల్ అని పిలవండి, అక్కడా అదే అలవాటు. ‘మీకు తెలుగు రాదా’ అని అడగకండి. వాళ్లకు వచ్చిన పాట ఒకటి, పద్యం ఒకటి వాళ్లే చెబుతారు.

ఇంకొక రోజు ఉంటే

పీటర్‌మారిట్జ్‌బర్గ్ సుమారు 80 కిలోమీటర్లు. 1893 జూన్ 7 రాత్రి గాంధీని రైల్లోంచి దించేసిన స్టేషన్ అక్కడిదే, ప్లాట్‌ఫారం మీద ఫలకం ఉంది. ఇంకొంచెం ముందుకెళ్తే హోవిక్ జలపాతం, 95 మీటర్లు. దాని దగ్గర్లో 1962 ఆగస్టు 5న మండేలా పట్టుబడ్డ చోటు. అక్కడ 50 ఉక్కు స్తంభాలు నిలబెట్టారు. దారి మీద నడుస్తుంటే విడివిడి కడ్డీలే, ఒకచోట నిలబడగానే మండేలా ముఖం కనిపిస్తుంది. ఆ చోటు నేల మీద వెతుక్కోండి.

మీ ఊరి నుంచి వెళ్లినవాళ్ల ఆచూకీ కావాలంటే

మీ ఇంట్లో ‘మా ముత్తాత తమ్ముడు నేటాల్ పోయాడట’ (డర్బన్ ఉన్న ప్రాంతం పాత పేరు నేటాల్) అన్న మాట ఉంటే, డర్బన్‌లో ఒక పూట దీనికి కేటాయించండి. ముందు 1860 హెరిటేజ్ సెంటర్‌కు వెళ్లండి. ఓడల జాబితాల కోసం క్వాజులు-నేటాల్ యూనివర్సిటీలోని గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్‌కు ముందుగా ఈమెయిల్ రాసి, టైము అడిగి వెళ్లండి. ప్రతి కూలీకీ ఒక వలస సంఖ్య ఉంటుంది. దాని ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. దొరలు విన్నట్టు రాసుకున్న పేర్లు కాబట్టి అప్పయ్య, అప్పాయి, అప్పన్న ఒకరే కావచ్చు. ఇంటి పేరు సాధారణంగా ఉండదు. అందుకే తండ్రి పేరు, ఊరి పేరు, ఆ ఊరి పాత తాలూకా, పాత జిల్లా ఇక్కడే పెద్దవాళ్లను అడిగి కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇప్పటి చిత్తూరు ఊళ్లు చాలా అప్పట్లో ఉత్తర ఆర్కాడు కింద ఉండేవి, శ్రీకాకుళం ఊళ్లు విశాఖపట్నం, గంజాం కింద ఉంటాయి.